ఒంటిచేతి పళ్ళెం

"అల్లుడా! నీళ్ళు మీ ఉల్లిమడి దాకా వచ్చేశాయి. ఇంకా అలా కూర్చునే ఉన్నావేంటి?"

కంచె అవతల నుంచి బువలా పెద్దమ్మ కేకేసింది. ఖాంతాన్ పాక అంచున కాళ్ళు వేలాడేసుకుని నది వైపే చూస్తున్నాడు. నిన్నటిదాకా మడులకు అల్లంత దూరాన ఉన్న మెకాంగ్ తెల్లవారేసరికి ఎర్రగా, చిక్కగా వచ్చి కట్ట చివరి మడిని నాకుతోంది. పైన ఎక్కడో ముందుగానే వానలు పడ్డాయి.

ఒడ్డు పొడుగునా జనం దిగారు. నది తగ్గాక వదిలిపెట్టిన ఒండ్రులో ఇంటికో నేలచెక్క, చెక్కకో కంచె. శీతాకాలంలో నాటినది ఎండలు ముదిరేదాకా తిని, పంచి, నీళ్ళు తిరిగి వచ్చే రోజున నేలతల్లికి దణ్ణం పెట్టి ఆమె మట్టిని ఆమెకు అప్పగించడం ఇక్కడ ప్రతి ఇంటి పని. ఆడది పళ్ళెం పెట్టి మాట చెబుతుంది. మగవాడు పక్కన కూర్చుని చెంబులో నీళ్ళు సన్నధారగా మట్టి మీద పోస్తాడు. అవి ఇంకేలోగా ఆమె మాట పూర్తి కావాలి.

"మాది అయిపోయింది," అంది బువలా కంచె దగ్గరికి వస్తూ. "మీ పెదనాన్న చేతులు వణికి సగం నీళ్ళు నా కాళ్ళ మీదే పోశాడు. నేలతల్లికి ఎంత అందిందో, నాకెంత అందిందో. మనివన్ ఏదీ?"

"ఇంట్లో."

"పళ్ళెం తేదా?"

"తెస్తే తెస్తుంది."

"తెస్తే తేవడమేంటి? నువ్వెళ్ళి చెంబు అందుకుంటే కదా ఆమె వెనకాల పళ్ళెంతో బయల్దేరేది. ప్రతి ఏడూ కొత్తగా చెప్పాలా నీకు?"

"పిలిస్తే వెళ్తాను."

"ఎవరు పిలవాలి? పెళ్ళామా, అత్తా, బావమరిదా?"

"ఎవరో ఒకరు."

బువలా కంచె మీద చెయ్యి ఆనించి అతని మొహంలోకి చూసింది. "చూడు అల్లుడా. పంతం పట్టడానికి నీకు ఏడాది పొడుగునా రోజులున్నాయి. ఇవాళ వద్దు."

అల్లుడా! ఇరవై ఏళ్ళ పైమాటే ఈ ఊరొచ్చి. జుట్టు నెరిసింది, ముందు పన్ను ఒకటి ఊడింది. అయినా ఈ ఒడ్డు మీద అందరికీ అతను అల్లుడే. ఇక్కడ పెళ్ళయిన మగవాడు భార్య ఇంటికి రావడమే పద్ధతి. బువలా మొగుడూ అలా వచ్చినవాడే. ఇల్లరికమని ఎవరూ ఎవర్నీ ఎగతాళి చేయరు. ఎగతాళి చేయనంత మాత్రాన పరాయితనం పోతుందా?

పోదని కొన్నాళ్ళ కిందట ఒక రాత్రి భోజనాల దగ్గర తేలిపోయింది. బావమరిది విలై పట్నం నుంచి కొత్త ఆలోచనతో వచ్చాడు. వచ్చే శీతాకాలం మడులు చదును చేసి బల్లలు వేస్తాడట. సూర్యాస్తమయం చూడ్డానికి వచ్చే విదేశీయులు కూర్చుని బీరు తాగుతారట. మడులు ఎక్కడికి పోవాలని ఖాంతాన్ అడిగాడు. విలై నవ్వుతూనే అన్నాడు: "బావా, ఈ ఒడ్డు మా అమ్మది. అమ్మ తర్వాత అక్కది. ఇందులో నీ మాట ఎక్కడుంది?"

ఖాంతాన్ మనివన్ వైపు చూశాడు. ఆమె జిగురన్నం ముద్దను వేళ్ళ మధ్య గుండ్రంగా చుడుతోంది. చుట్టిన ముద్దనే మళ్ళీ చుట్టింది. తలెత్తలేదు.

అతను లేచి చాప చుట్టుకుని మెట్లు దిగి ఈ కాపలా పాకలోకి వచ్చేశాడు. ఎవరూ ఆపలేదు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. మనివన్ మాత్రం నీళ్ళు పెట్టడానికి రోజూ మడుల్లోకి వచ్చేది. అతను పాకలో ఉంటే ఆమె కింది మడుల్లో ఉండేది. అతను కిందికి దిగితే ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయేది. ఇద్దరి మధ్య ఒక బకెట్ మాత్రం ఇటూ అటూ తిరిగింది.

ఇవాళ ఆమె పళ్ళెంతో వస్తే తను ఆ ఇంటి మనిషే. రాకపోతే కాదు. ఇంతే లెక్క. పొద్దుటి నుంచి అతను మెట్ల వైపు చూడకుండా చూస్తున్నది దీనికోసమే.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. దిగింది విలై.

"బావా, కంచె వెదుళ్ళు పీకేస్తున్నా. లేకపోతే నదిలో కొట్టుకుపోతాయి."

"పళ్ళెం పెట్టకుండా కంచె పీకుతావా?"

"పెట్టేవాళ్ళు పెడితే కదా?"

"మీ అక్క ఏం చేస్తోంది?"

"కూర్చుంది."

"కూర్చుని?"

"కూర్చుని ఏముంది, కూర్చుంది. పొద్దున్నుంచి గడపలోంచి కదల్లేదు. అన్నం తినలేదు. అమ్మ తిట్టింది. అయినా పలకలేదు."

"ఏమీ అనలేదా?"

"ఏమీ అనలేదు." విలై ఒక వెదురు ఊపి లాగాడు. "నన్ను అడక్కు బావా. మీ ఇద్దరి మధ్య ఉత్తరాలు మోసే ఉద్యోగం నాకొద్దు. పైకి అయిదు నిమిషాల నడక. నీక్కాళ్ళు లేవా?"

"నీ నోరు చూసే వచ్చాను కిందికి. నీ నోరు దాటి పైకి ఎలా వెళ్ళను?"

విలై చేతిలో వెదురుతో ఇటు తిరిగాడు. "నేనన్నది బల్లల సంగతి. నువ్వు విన్నది వేరే," అని గొణిగి, వెదురు అక్కడే పడేసి మెట్లెక్కిపోయాడు.

ఖాంతాన్ చెవిలో మిగిలింది ఒకటే మాట. ఏమీ అనలేదు. ఆ రాత్రీ అనలేదు, ఇవాళా అనలేదు. రాననైనా చెప్పొచ్చుగా! మనిషికి కబురు కూడా దండగేనా?

ఉల్లిమడి మునిగింది. ఉల్లికాడల కొసలు కాసేపు నీళ్ళ మీద తలలూపి, తర్వాత కనిపించలేదు. వేరుశెనగ మడి కట్ట ఒక పక్క నుంచి మెత్తగా జారింది. దాని వెనకే సోయికూర మడి. ఏటా మనివన్ మొదటి విత్తు వేసేది అందులోనే. తల్లిమడి అంటారు దాన్ని. దాన్ని నది తాకకముందే దణ్ణం పెట్టాలి. దణ్ణం అందకుండా మునిగిన మట్టి మరుసటి ఏడు ఆ ఇంటికి తిరిగి రాదని, ఒండ్రు అవతలి ఒడ్డుకు పోతుందని ఇక్కడివాళ్ళ నమ్మకం. ఒక ఏడు ఎవరిదో చెక్క అలాగే పోయింది కూడా. రాళ్ళు తేలాయి.

మనివన్ ఎకరాలున్న మనిషి కాదు. ఆమెకున్నది ఈ చారెడు మట్టి. సోయికూర మొలకెత్తిన రోజున వంగి ఆకు నలిపి వాసన చూసి, అతని ముక్కు దగ్గర వేళ్ళు పెట్టేది.

అతను పాకలోకి వెళ్ళాడు. పొద్దున బువలా ఇచ్చిన జిగురన్నం బుట్టలో ఉంది. రెండు అరటిపళ్ళున్నాయి. కొవ్వొత్తి ముక్క ఉంది. సత్తుపళ్ళెంలో అవి సర్ది, సోయికూర పూలు నాలుగు తుంచి పైన పెట్టాడు. చెంబు లేదు. చెంబు ఇంట్లో, నీళ్ళ కుండ పక్కన ఉంటుంది. మసిపట్టిన టీ కెటిల్ అందుకున్నాడు.

తల్లిమడి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పళ్ళెం పెట్టింది అతనే, నీళ్ళు పోసిందీ అతనే. ఇన్నేళ్ళూ పక్కన కూర్చుని విన్న మాటలు నోటికి వచ్చాయి.

"తల్లీ, నీ ఒంట్లో గోరు గుచ్చినందుకు కోపగించకు. ఇచ్చిన దానికి దణ్ణం. తిన్న దానికి దణ్ణం. వాడిపోయింది మా నిర్లక్ష్యం, నీది కాదు. నదికి నిన్ను అప్పగిస్తున్నాం, క్షేమంగా వెళ్ళి రా. మా ఇద్దరి..."

ఆగాడు. మా ఇద్దరి చేతులూ చూడు అని ఆమె అనేది. కెటిల్ మూతి నుంచి నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ఆపకూడదు.

"నా చెయ్యి చూడు," అన్నాడు.

నీళ్ళు ఇంకిపోయాయి.

"అయ్యో నాయనా!"

వెనక బువలా. చేతిలో బుట్ట కిందికి జారింది. ఇతనికి పంచడానికి తెచ్చిన ఆవకూర కట్టలు మట్టిలో దొర్లాయి.

"ఏం చేశావయ్యా? ఒంటిచేతి పళ్ళెం పెట్టావా?"

"నీళ్ళు తల్లిమడికి వచ్చేశాయి పెద్దమ్మా."

"వస్తే రానీ! గుర్తులేదా నీకు? ఎవరు పెడతారు అలా? భార్య పోయిన ఫేంగ్ పెడతాడు. పెళ్ళాన్ని కాటిలో కాల్చి వచ్చినవాడు పెడతాడు!"

అతనికి తెలుసు. తెలియక కాదు. కళ్ళ ముందు మడి పోతుంటే తెలిసినవన్నీ వరసగా గుర్తుకు రావు, అంతే. కొవ్వొత్తి ఆర్పేద్దామని చెయ్యి చాపాడు. బువలా ఆ చేతి మీద కొట్టింది. "పెట్టిన దీపం ఆర్పకు. ఇంకో పాపం నెత్తికెత్తుకోకు."

అప్పుడు దిగింది మనివన్.

ఎడమ చేతిలో పళ్ళెం. శంఖంలా చుట్టిన అరటాకులు, పసుపుపచ్చ పూలు, తెల్లటి నూలు దారాలు. ఉతికిన పట్టు చీరగుడ్డ నడుముకు చుట్టుకుంది. కుడి చేతిలో చెంబు ఉంది. ఏ ఇంటి ఆడదీ మోయని చెంబు. పైనుంచి కిందిదాకా, ఊరందరి ముందూ, తనే మోసుకొచ్చింది.

"నువ్వు రాలేదుగా. చెంబు కూడా నేనే తెచ్చా," అంది మెట్టు మీదే నిలబడి, ఎవరికో సంజాయిషీ చెబుతున్నట్టు.

తర్వాత ఆమెకు సత్తుపళ్ళెం కనిపించింది. వెలుగుతున్న కొవ్వొత్తి ముక్క, పక్కన కెటిల్, తడిసిన మట్టి కనిపించాయి.

పక్క చెక్కల్లోవాళ్ళు కంచెల దగ్గరికి వచ్చారు.

"ఎప్పుడు పోయాను?" అని అడిగింది మనివన్.

"నువ్వు రావనుకున్నా."

"రానిదాన్నీ చచ్చినదాన్నీ ఒకటే చేశావా?"

"నీ మడి మనివన్. నీ మడి పోతోందని..."

"మడిని ఉంచుకుని నన్ను పంపించేశావు. బాగుంది."

"మూడు నాలుగుసార్లు పైకి చూశాను."

"చూడ్డానికి కాదు, రావడానికి మెట్లున్నది. గడపలో కూర్చున్నా పొద్దున్నుంచి, చెంబు పక్కన పెట్టుకుని. నీ చెప్పుల చప్పుడు కోసం."

"మీ తమ్ముడు చెప్పలేదు."

"నా తమ్ముడు చెప్పాలా నీకు, నేను నీకోసం కూర్చుంటానని?"

బువలా మధ్యలో దూరింది. "పోనీలే తల్లీ, మళ్ళీ పెట్టు. నువ్వు చెప్పు, అతను పోస్తాడు. నేలతల్లి అర్థం చేసుకోదా?"

"ఒక మట్టికి ఏడాదికి ఒకసారే పెద్దమ్మా. నాకు నేర్పింది నువ్వే."

ఆమె పళ్ళెం దించలేదు. చెంబులో నీళ్ళు పారబోయలేదు. ఎలా తెచ్చిందో అలాగే రెండూ మోసుకుని మెట్లెక్కి వెళ్ళింది. నడక తొందరగానూ లేదు, నెమ్మదిగానూ లేదు. అదే అతన్ని భయపెట్టింది.

కాసేపటికి సోయికూర మడి కూడా నీళ్ళలోకి వెళ్ళింది. దణ్ణం అందుకున్న మట్టి కదా, చప్పుడు చేయకుండా వెళ్ళింది.

పొద్దు వాలుతుండగా మొదట ఫేంగ్ వచ్చాడు. చంకలో జిగురన్నం బుట్ట, చేతిలో బియ్యపు సారా సీసా. పాక నిచ్చెన ఎక్కి, కీళ్ళు పట్టుకుని చాప మీద కూలబడ్డాడు.

"ఎందుకొచ్చావు మావా?"

"ఎందుకేంటి? ఒంటిచేతి పళ్ళెం పెట్టినవాణ్ణి ఆ సాయంత్రం ఒంటరిగా వదలకూడదు. నాకోసం ఇరవై మంది వచ్చారు. ఆచారం."

"మావా, ఆమె బతికే ఉంది."

"నాకు తెలీదా? ఇందాకే కుళాయి దగ్గర బకెట్ ఎత్తుకుని నన్ను దాటి వెళ్ళింది. మొహం కందగడ్డలా ఉంది. కానీ నువ్వు చెప్పింది నేలకు. నేల విన్నాక మేం వినలేదంటే కుదురుతుందా?"

బువలా వచ్చింది, మొగుణ్ణి తోడుకుని. ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. వెదురు కొమ్ముల పులుసు, నువ్వులద్దిన నాచు అప్పడాలు, కాల్చిన చేప తెచ్చారు. ఎవరికీ ఎలా కూర్చోవాలో తెలియలేదు. ఏడవాలా, నవ్వాలా? ఒకావిడ అలవాటుగా, "మంచి మనిషి పాపం," అనేసి నాలిక్కరుచుకుంది. బువలా మొగుడు దగ్గు వచ్చినట్టు నటించి మొహం తిప్పుకున్నాడు.

ఫేంగ్ మాత్రం నవ్వలేదు. సారా గ్లాసులో పోసి ఖాంతాన్ చేతిలో పెట్టాడు. "మొదటి ఏడు నేనూ నీలాగే నీళ్ళు పోశాను. ఆ రెండో చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. ఆమె మీద అలిగి ఎన్ని రాత్రులు ఈ పాకలాంటి పాకలో పడుకున్నానో! తలుచుకుంటే నన్ను నేనే తన్నుకోవాలనిపిస్తుంది. నీకు పెళ్ళాం ఉండగా ఎందుకురా నా వరసలోకి వచ్చి కూర్చున్నావు?"

ఖాంతాన్ గ్లాసు కింద పెట్టాడు. తాగబుద్ధి కాలేదు.

నిచ్చెన కిర్రుమంది. మనివన్ తల, తర్వాత భుజాలు, తర్వాత చేతుల్లో పొగలు కక్కుతున్న కుండ. చేప, వంకాయ, సోయికూర కలిపి ఉడికించిన పులుసు. వాసన ఆమెకంటే ముందే లోపలికి వచ్చింది. అందరూ జరిగి చోటిచ్చారు. ఆమె అతని పక్కకు రాలేదు. నిచ్చెన దగ్గర, పరామర్శకు వచ్చినవాళ్ళు కూర్చునే చోట, కాళ్ళు ఒక పక్కకు మడిచి కూర్చుంది.

"ఏంటే ఇది?" అంది బువలా నెమ్మదిగా.

"అందరూ వచ్చారు కదా. పక్కింటిదాన్ని, నేను రాకపోతే బాగుంటుందా?" ఖాంతాన్ వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. "పోయినావిడ ఎలాంటి మనిషి? చెప్పండి. వింటాను."

పరాయివాళ్ళను అన్నట్టు 'చెప్పండి' అంది. ఆచారం ప్రకారం వచ్చినవాళ్ళు అలా అడగాలి. భర్త నిజం చెప్పాలి.

అతను ఆమె పాదాల వైపు చూశాడు. పొద్దుటి మట్టి ఇంకా కడుక్కోలేదు.

"పని తెలిసిన మనిషి," అన్నాడు.

"ఎద్దుకు కూడా తెలుసు పని. ఇంకా?"

"పులుసులో ఉప్పు ఎక్కువేస్తుంది."

బువలా మొగుడు ఈసారి నిజంగానే నవ్వాడు. మనివన్ నవ్వలేదు. "ఇంకా?"

"మాట్లాడాల్సిన రోజున మాట్లాడలేదు."

కింద నిచ్చెన మొదటి మెట్టును నీళ్ళు తట్టుతున్నాయి.

"ఆ రాత్రి అన్నం దగ్గర," అంది మనివన్.

"ఆ రాత్రే. ఒక్క మాట అంటే చాలు. ఆయన మాటా ఉందిరా అంటే చాలు. ఆమె అన్నం ముద్ద చుట్టుకుంటూ కూర్చుంది."

"మీరు చాప చుట్టుకుని వెళ్ళాక ఆవిడ తమ్ముడితో ఏమందో తెలుసా మీకు?"

"తెలీదు."

"ఎలా తెలుస్తుంది? వినాలంటే ఇంట్లో ఉండాలి."

"ఏమంది?"

"పోయినావిడ మాటలు నన్ను అడుగుతారేంటి? నేను పరామర్శకు వచ్చినదాన్ని." కుండ మూత తీసి, గరిటెతో పులుసు అందరికీ వడ్డించింది. అతనికి కూడా, ఒక గరిటె ఎక్కువా కాదు, తక్కువా కాదు.

తిన్నారు. మెచ్చుకున్నారు. ఉప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. నీళ్ళు పెరుగుతున్నాయని ఒకరి తర్వాత ఒకరు లేచారు. ఫేంగ్ సీసా వదిలి వెళ్ళాడు. బువలా దిగుతూ దిగుతూ ఖాంతాన్ భుజం గట్టిగా నొక్కింది, ఇప్పుడైనా నోరు విప్పు అన్నట్టు.

మిగిలింది ఇద్దరే.

మనివన్ ఖాళీ కుండ చంకన పెట్టుకుంది. "ఈ పాక తెల్లారేసరికి ఉండదు. ఎక్కడ పడుకుంటావు?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. అతను గమనించాడు. "నువ్వు చెప్పు."

"నేనెవర్ని చెప్పడానికి?"

ఆమె నిచ్చెన దిగింది. చివరి మెట్టు దగ్గర మోకాలి కిందిదాకా నీళ్ళలో కాలేసి గట్టెక్కింది. మసకలో తెల్ల రవిక ఒక్కటే కనిపిస్తోంది. సగం మెట్లెక్కి ఆగింది.

"ఒక్కటి అడగడం మర్చిపోయాను," అంది వెనక్కి తిరక్కుండానే. "నన్ను పంపించేశాక నీకు ఏడుపొచ్చిందా?"

ఖాంతాన్ నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. వచ్చిందంటే అబద్ధం. రాలేదంటే నిజం కాదు. ఈ రెంటికీ మధ్య ఉన్నదేదో ఆమెకు చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నోరు తెరిచాడు. మాట అన్నం ముద్దలా అటు తిరిగి, ఇటు తిరిగి, బయటికి రాలేదు.

మెట్ల మీద అడుగులు మళ్ళీ కదిలాయి. కింద నీళ్ళ హోరులో అవి పైకి వెళుతున్నాయో, కిందికి వస్తున్నాయో అతనికి తెలియలేదు.